సవరణ: పర్లాకిమిడి టీచరమ్మ సంస్మరణ

ఈ మధ్య కన్నుమూసిన మన టీచరమ్మ గురించి ఇక్కడ వచ్చిన సంస్మరణలో రెండు మాటలు సరిచేయాలి.

‘పాస్టరుగారి భార్యగా బడి పనిలో చేదోడుగా ఉన్నారు’ అని రాశారు. ఆమె పెళ్లికి ముందే శిక్షణ పొందిన ఉపాధ్యాయిని. జీవితమంతా జీతానికి పాఠాలు చెప్పారు. పగలు బడి, సాయంత్రం స్త్రీల కూటం, వేళకాని వేళ గడప తొక్కిన విశ్వాసులకు అన్నం. ఇదంతా అయ్యగారి సేవ ఖాతాలో వేస్తే ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లం ఒప్పుకోలేం.

సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పిన తొలి వ్యక్తి ఆమేనన్నది రెండోది. ఆ ఘనత గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఈ ఊళ్లోనే ఉండి ఆయన సవర నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరింది. టీచరమ్మ చాలా తర్వాతి తరం. ఒడియా వాచకంలోని పాఠాన్ని తెలుగులోనూ సవరలోనూ విప్పి చెప్పేవారు. బెదిరిన పిల్లలు బడి మానకుండా నిలిచింది అందుకే. ఆ మాట సంస్మరణలో అసలే లేదు, చేర్చాలి.