సవరణ: ఫెడెక్స్, యూపీఎస్ యూనియన్ల పోస్టుకి

ఫెడెక్స్, యూపీఎస్ అనే అమెరికా పార్సిల్ కంపెనీల మీద రాసిన మొన్నటి పోస్టులో "ఫెడెక్స్ డ్రైవర్లకి యూనియన్ పెట్టుకునే హక్కు లేదు" అన్న లైను అలా చదవకండి. హక్కుంది, కాకపోతే ఫెడెక్స్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు రైల్వే లేబర్ యాక్ట్ (రైల్వే, విమాన కంపెనీల ఉద్యోగుల కోసం పెట్టిన చట్టం) కిందకి వస్తారు కాబట్టి ఒక్క డిపో వాళ్ళంతా ఓటేసుకుంటే చాలదు, అమెరికా మొత్తమ్మీద ఆ పని చేసేవాళ్ళందరూ కలిపి ఓటెయ్యాలి, పక్క రాష్ట్రం డ్రైవర్ మొహమైనా చూడనివాళ్ళు అందర్నీ ఎలా కూడగడతారు చెప్పండి. యూపీఎస్ డ్రైవర్లకి ఈ తిప్పలు లేవు, వాళ్ళది వేరే చట్టం.

లాబీయింగ్ ఫెడెక్స్ ఒక్కటే చేసిందనుకోవద్దు. ఈ తేడా తీసేసే క్లాజు ఉన్న విమానయాన బిల్లు 2009లో ప్రతినిధుల సభలో పాసైంది, యూపీఎస్ డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్‌తో పాటు యూపీఎస్ కూడా దానికోసం తిరిగింది, పోటీ కంపెనీకి ఖర్చు పెరిగితే వాళ్ళకే కదా లాభం. ఫెడెక్స్ గట్టిగా అడ్డుపడింది, చివరికి 2012లో వచ్చిన విమానయాన చట్టంలో ఆ క్లాజు లేదు.

పెన్షన్ సంగతి, 2007లో యూపీఎస్ 610 కోట్ల డాలర్లు కట్టి సెంట్రల్ స్టేట్స్ ఫండ్ (చాలా కంపెనీల టీమ్‌స్టర్స్ కార్మికులకి ఉమ్మడి పెన్షన్ నిధి) నుంచి బయటికొచ్చింది, అంతేగానీ పెన్షన్ ఎత్తెయ్యలేదు, ఆ డ్రైవర్లకి యూనియన్‌తో కలిసి నడిపే వేరే ప్లాన్ పెట్టారు. నాకు బాధనిపించేది ఆ ఫండ్‌లో మిగిలిపోయినవాళ్ళ గురించే, అది దివాలా అంచుదాకా వెళ్ళి 2022లో ప్రభుత్వం దాదాపు 3,600 కోట్ల డాలర్లు ప్రకటిస్తే తప్ప నిలబడలేదు.