పదిహేడో నంబరు పొగ

మా కోనసీమలో సుబ్రహ్మణ్య షష్ఠి వచ్చిందంటే పొద్దున్న అభిషేకం, సాయంత్రం తీర్థంలో జీళ్ళూ ఖర్జూరం, రాత్రికి పద్యనాటకం. అందులోనూ హరిశ్చంద్రుడి కాటి సీను లేకపోతే మా ఊరివాళ్ళు చందా వెనక్కి అడుగుతారు. ఒకప్పుడు దీనికి లైటింగ్ అంటే ఒక్క ఫోకస్ లైటు, దాని ముందు రంగుకాగితాల చక్రం తిప్పుతూ ఒకాయన. ఆయనకి కునుకు పడితే హరిశ్చంద్రుడు రాజ్యం పోయినా కొడుకు పోయినా ఆకుపచ్చగానే ఉండేవాడు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఈసారి కమిటీ ప్రెసిడెంటు గారికి డిజిటల్ పిచ్చి పట్టింది. వేసవిలో భీమవరం వైపు ఎవరో రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో సంగీత్‌కి వెళ్ళొచ్చారు లెండి. అక్కడ తలలు తిప్పే లైట్లు, మోకాలెత్తు పొగ చూసి, "మన శివుడు కూడా అలాగే ప్రత్యక్షమవ్వాలి, ఎంతైనా ఫర్వాలేదు" అనేశారు. ఖర్చు ఎంతో చెప్పాక మాత్రం ఓ పావుగంట మాట్లాడలేదు.

సామాను వ్యానులో దిగింది. మూడు షార్పీలు (అవే ఆ తలలు తిప్పే లైట్లు, కంపెనీ ఏదైనా మావాళ్ళు షార్పీలే అంటారు), డజను ఎల్‌ఈడీ పార్ లైట్లు, ఓ కంట్రోల్ బోర్డు, పాతదొక పొగ మిషను. లైటింగ్ కుర్రాడు మధ్యాహ్నమంతా కేబుళ్ళు లాగి, అన్నీ ఆడించి చూసుకుని, భోజనానికి వెళ్ళాడు. వెళ్ళే ముందు నాకు డీఎంఎక్స్ అని, బోర్డు లైట్లకి ఆజ్ఞలు పంపే పద్ధతి సంగతి చెప్పాడు, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

1986లో అమెరికాలో రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ ఒకటి ఈ పద్ధతి పెట్టింది. అంతకుముందు ఒక కంపెనీ బోర్డుకి ఇంకో కంపెనీ లైటు పలికేది కాదట. ఇప్పుడు ఒకే కేబులు ఒక లైటులోంచి ఇంకో లైటులోకి వెళ్తుంది, అందులో 512 చానళ్ళు, ఒక్కో చానల్లో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె. ప్రతి లైటుకీ మన ఇళ్ళకున్నట్టే ఒక డోర్ నంబరు ఉంటుంది, తన నంబరుతో వచ్చిన ఉత్తరమే అది విప్పి చదువుకుంటుంది. మా షార్పీలు ఒక్కోటి పదహారు చానళ్ళు తింటాయి కాబట్టి మొదటిది 1, రెండోది 17, మూడోది 33. వాటి తర్వాత పొగ మిషను 49. పాతది కదా, దానికి నంబరు తెర మీద కనబడదు. వెనకాల పుల్లతో తప్ప కదలని బుల్లి బుల్లి స్విచ్చులుంటాయి, వాటి విలువలు 1, 2, 4, 8, 16, 32 అలా పెరుగుతూ పోతాయి. ఒకటోది, అయిదోది, ఆరోది పైకి లేపితే 1, 16, 32 కలిసి 49.

ఇక్కడొకటి గుర్తుంచుకోండి. బోర్డు చెప్పుకుంటూ పోతుందే తప్ప, అవతలి లైటు "విన్నాను" అని తిరిగి చెప్పదు. తప్పు పోయినా పట్టుకునే ఏర్పాటు లేదు. అందుకే బాణసంచా పేల్చడానికి ఈ పద్ధతి వాడొద్దంటారు. మా కమిటీ మీటింగులూ ఇలాగే నడుస్తాయి గానీ, అది వేరే కథ.

రాత్రి సభ సీను మొదలైంది. నడిమి షార్పీ హరిశ్చంద్రుడి మీద పడింది. ఆయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ కుడివైపుకి నాలుగడుగులు వేశారు, లైటూ ఆయన వెంటే తిరిగింది, అంతే, స్టేజి పక్కన తెర చాటు వింగులోంచి బుస్సుమని పొగ. సింహాసనం మాయం, మంత్రి మాయం. ఆడవాళ్ళు "వంటశాల అంటుకుందర్రా" అని లేచారు.

అందరూ ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ఎందుకంటే పొగ మిషను రిమోటు ఆయన దగ్గరే ఉంది, శివుడొచ్చినప్పుడు తానే నొక్కుతానని ముందే పట్టుబట్టి తీసుకున్నారు.

"నేన్నొక్కలేదయ్యా!"

"ఆయ్, నేనూ నొక్కలేదండి బాబూ, బోర్డు మీద పొగ సున్నాలో ఉంది చూస్కోండి" అన్నాడు కుర్రాడు.

రిమోటు లాక్కున్నారు. బ్యాటరీ పీకేశారు. హరిశ్చంద్రుడు మళ్ళీ కుడివైపుకెళ్ళాడు, మళ్ళీ పొగ. ఎడమకొస్తే ఆగిపోతోంది. వెనక వరసలో ఓ ముసలాయన ఇది స్వామివారి మహిమ అని తేల్చేసి చెంపలు వేసుకున్నాడు. హార్మోనిస్టు కూర్చున్నది కూడా కుడివైపే, పాపం. కండువా ముక్కుకి కట్టుకుని శ్రుతి ఇస్తున్నాడు.

కాటి సీనుకి వచ్చేసరికి కాపరి కర్ర పట్టుకుని ఆయన నిలబడాల్సింది కుడి చివర, చితి పక్కన. కదలడానికి లేదు. పద్యం మధ్యలో పొగ మింగి, ఆలాపన కాస్తా దగ్గులోకి దిగింది, ఆయన గట్టివాడు కాబట్టి దగ్గుని కూడా రాగంలోనే లాక్కొచ్చాడు. జనం "వన్స్ మోర్" అని గోల. ఆయన మురిసిపోయి మళ్ళీ అందుకున్నారు. వాళ్ళడిగింది పద్యం కోసం కాదు, మనిషి కనబడలేదని. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కట్టుకున్న మొగుణ్ణి చంద్రమతి శ్మశానంలో ఎలా గుర్తుపట్టలేదని చిన్నప్పట్నుంచీ నాకో అనుమానం ఉండేది. ఆ రాత్రి తీరిపోయింది.

కుర్రాడు అప్పటికి మూడు కేబుళ్ళు మార్చాడు. ఆఖరికి విసుగొచ్చి, సెల్లు లైటు వేసుకుని వింగులోకి పాక్కుంటూ వెళ్ళి, పొగ మిషను వెనక్కి తిప్పి చూశాడు. స్విచ్చుల గూట్లో సగం కాలిన అగరొత్తి పుల్ల, దాని కింద ఆరో స్విచ్చు కిందికి పడిపోయి ఉంది. 49లోంచి 32 పోతే 17. అంటే నడిమి షార్పీ నంబరు! దానికి మొదటి చానలు అడ్డంగా తిరగడానికి. కుడికి తిరిగేకొద్దీ అంకె పెరుగుతుంది, సగం దాటితే మిషను దాన్ని "పొగ వదులు" అని చదువుకుంటోంది.

ఇంతకీ పుల్ల ఎవరు గుచ్చారు? కుర్రాడు భోజనానికెళ్ళినప్పుడు సామానుకి కొబ్బరికాయ కొట్టి, ప్రతి పెట్టెకీ పసుపూ కుంకుమా పెట్టి, దొరికిన సందులో అగరొత్తి గుచ్చింది ప్రెసిడెంటు గారే. ఫోటో కూడా తీయించుకున్నారు.

కుర్రాడు స్విచ్చు పైకి లేపి, చెమట తుడుచుకుని బోర్డు దగ్గరకొచ్చేసరికి సరిగ్గా శివుడు ప్రత్యక్షమయ్యే ఘట్టం. పొగ మీట, అదే ఫేడరు, నిండుగా ఎత్తాడు. మిషను ఒక్కసారి గురగురమని ఊరుకుంది. లోపల చుక్క లేదు, డబ్బాడు ద్రవం కాటి సీనుకే సరిపోయింది. ఏ మబ్బూ లేకుండా, వింగులోంచి పులితోలు సర్దుకుంటూ నడిచొచ్చాడు శివుడు. పూజారి గారు గబగబా గుళ్ళోంచి సాంబ్రాణి తెచ్చి విసిరారు గానీ, అది గాలికి జనం మీదకే వచ్చింది.

మర్నాడు లెక్కలు చూస్తున్నప్పుడు ప్రెసిడెంటు గారు డబ్బా ఖరీదు దగ్గర ఆగిపోయారు.

"శివుడికే కదయ్యా పొగ అడిగాను. హరిశ్చంద్రుడికి వేసిన దానికి నేనెందుకివ్వాలి?"

"ఆయ్, మీరన్నదీ నిజమేనండి," అన్నాడు కుర్రాడు కేబులు చుట్టుకుంటూ, "అగరొత్తి ఖర్చు తగ్గించుకుని మిగతాది ఇప్పించెయ్యండి."