కొబ్బరికాయకు టోపీ

మొన్న ఆదివారం నరసాపురంలో మా ఆడపడుచు కూతురి బారసాల. అక్కడ జరిగింది వెంటనే రాసేస్తున్నాను. ఎందుకంటే మావారు ఇప్పటికే తన వెర్షన్ నలుగురికి చెప్పేశారు. అందులో నా పాత్ర ఏమీ బాగాలేదు.

పాప పుట్టిన మూడో రోజున ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, బారసాలకు వస్తూ ఏమీ కొనొద్దు. నీ చేత్తో చేసిందేదైనా పట్టుకురా, చాలు" అంది. ఆ పిల్ల అడిగింది సున్నుండలని నాకు అంతా అయిపోయాక తెలిసింది. అప్పటికి మాత్రం నా ఫోన్ నిండా ఊలు వీడియోలే. మొదటిసారి అల్లేవాళ్లకు అతి సులువైన బహుమతులట. వెంటనే రెండు పసుపు ఉండలు, ఒక ఎరుపు ఉండ, 4 మిల్లీమీటర్ల క్రోషియా సూది కొన్నాను. ఆ రంగులే ఎందుకంటే పసుపూ కుంకుమా శుభం కదా అని. ఈ ఆలోచన నా కొంప ఎలా ముంచిందో తర్వాత చెప్తాను. మొదట దుప్పటి అల్లుదామనుకున్నాను. రెండో రోజుకు అది దిండు గలీబు అయింది. నాలుగో రోజుకు మేజోళ్లు. ఆఖరికి టోపీ దగ్గర తేలాను. ఒకే ఒక్క టోపీ.

ఇంతకీ క్రోషియా అల్లి నేను పట్టుకెళ్తున్నది ఏ ఊరికి? 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెప్తారు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా అదే పని. 2024లో నరసాపురం లేసుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అత్తగారి అక్క, అంటే మా పెద్దత్తయ్య, పన్నెండో ఏట సూది పట్టింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తే, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు రెండు పువ్వులు పూర్తి చేసేదట. అవి ఓడలెక్కి ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకున్నాయో ఆవిడకు తెలీదు. చేతికొచ్చింది మాత్రం కూరగాయలకు సరిపోతే గొప్ప. హనుమంతుడి ముందు కుప్పిగంతులు అంటారే, అవి నేను రైలు టికెట్ కొనుక్కుని మరీ వెళ్లి వేశాను.

వీడియోలో నేర్పే అమ్మాయి గోళ్లు చాలా బాగుంటాయి. మొదటి నిమిషమంతా అవే కనిపిస్తాయి. అసలు ముడి పడే చోటికి వచ్చేసరికి బొటనవేలు అడ్డమొస్తుంది. "ఇలా తిప్పి, ఇలా లాగి, ఇలా" అంటుంది. ఎలా తల్లీ? వెనక్కి జరిపి ముప్పైసార్లు చూశాను, ముప్పైసార్లూ బొటనవేలే. తర్వాత, "ఇలాగే చుట్టూ వేసుకుంటూ వెళ్లిపోండి" అంటుంది. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. మళ్లీ వెలుగొచ్చేసరికి ఆవిడ చేతిలో టోపీ ఉంటుంది. ఆ ఒక్క క్షణం నాకు పదకొండు రాత్రులు పట్టింది.

వీడియో చాలక, రాతలో ఉన్న నమూనా ఒకటి దించుకున్నాను. మొదటి వరసలో ఆరు 'డీసీ'లు, రెండో వరసలో పన్నెండు, మూడో దాంట్లో పద్దెనిమిది. అలా వరసకు ఆరేసి పెంచుకుంటూ పోతే నడినెత్తి భాగం దోసెలా చదునుగా వస్తుందని అందులో ఉంది. డీసీ అంటే డబుల్ క్రోషియా. డబుల్ ఎలా వేయాలో వీడియోలో ఉంది కాబట్టి అలాగే వేశాను. నా తప్పేమైనా ఉందా, మీరే చెప్పండి. నమూనా రాసిందేమో బ్రిటన్ మనిషి. వీడియో తీసిందేమో అమెరికా పద్ధతి మనిషి. అమెరికా వాళ్లు సింగిల్ అనే కుట్టునే బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారట! అమెరికా వాళ్ల డబుల్‌కు బ్రిటన్‌లో పేరు ట్రెబుల్. అంటే పొట్టి కుట్టు వేయాల్సిన చోట దానికి దాదాపు రెండింతల ఎత్తున్న కుట్టు వేసుకుంటూ పోయాను. ఎత్తు కుట్టుకు వరసకు పన్నెండు పెంచాలి. నేను ఆరే పెంచాను. దోసె కావాల్సింది గరాటు అయి కూర్చుంది. ఒకే భాష మాట్లాడే రెండు దేశాలు ఒక ముడికి ఒక పేరు పెట్టుకోలేకపోయాయి. వాళ్లలో వాళ్లకు ఎన్నైనా ఉండనీ, మధ్యలో కూకట్‌పల్లిలో ఉన్న నేనేం పాపం చేశానట?

గరాటు వస్తోందని అనుమానం రాలేదా అంటే, వచ్చింది. దాన్ని కొబ్బరికాయ తీర్చేసింది.

పుట్టిన పిల్ల తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుందని చదివాను. పిల్ల చూస్తే నరసాపురంలో ఉంది. టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చెంబు చిన్నదైంది, మా అమ్మాయి బంతి పెద్దదైంది, కుక్కర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆఖరికి దేవుడి గూటి పక్కనున్న కొబ్బరికాయ 34 దగ్గర ఆగింది. మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో దానికి నవ్వుతున్న నోరొకటి గీసింది. కళ్లు ఎలాగూ మూడున్నాయి కదా అని వాటి జోలికి పోలేదు. ఆ పదకొండు రాత్రులూ ఆ కాయ సోఫాలో నా పక్కనే కూర్చుంది. రెండు వరసలు వేయడం, తొడిగి చూడడం. గరాటు కొస సరిగ్గా దాని పిలక మీద కూర్చునేది. ఆహా, ఏం కుదిరింది, నా చేతిలో ఏదో ఉంది అనుకున్నాను. పసిపిల్లకు పిలక ఉండదన్న సంగతి ఒక పిల్లను కని పెంచినదాన్ని, నాకు తట్టనేలేదు.

పసుపు ఉండలు రెండూ అయిపోయాయి. అంచు ఎరుపుతో ముగించాను. రైలెక్కాం. ఆఖరి స్టేషన్‌లో దిగాం.

అత్తయ్యకు టోపీ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తాంబూలాల పళ్లెంలో పెట్టింది. ఏమీ అనకపోవడంలో మా అత్తయ్యది అందెవేసిన చెయ్యి. దాని పక్కనే మా తోడికోడలు తెచ్చిన వెండి గిన్నె. రెండు నిమిషాల్లో ఫోన్‌లో ఆర్డర్ పెట్టిందట. "ఎంత ఓపికమ్మా నీకు, ఎంత వెతికావో" అని వచ్చినవాళ్లంతా దాన్నే మెచ్చుకున్నారు. ఓపికట!

పుణ్యాహవచనం మొదలైంది. పీట మీద బియ్యం, బియ్యం మీద రాగి చెంబు, చెంబులో మామిడాకులు, ఆకుల మీద కొబ్బరికాయ. పంతులుగారికి పదకొండింటికి పాలకొల్లులో ఇంకో ముహూర్తం ఉంది. ఆ సంగతి అప్పటికే మూడుసార్లు చెప్పారు. "అమ్మా, కాయ మీదికి రవికగుడ్డ" అన్నారు. రవికగుడ్డ బీరువాలో ఉంది. బీరువా తాళం మామయ్య జేబులో ఉంది. మామయ్య టెంటువాడితో పోట్లాడుతూ వీధి చివర ఉన్నారు. పంతులుగారు గడియారం చూశారు, పళ్లెం చూశారు.

"ఇదిగో, ఇక్కడే ఉందిగా. పసుపూ కుంకుమా రంగుల్లో కలశం తొడుగులు కూడా అల్లుతున్నారన్నమాట, బాగుంది" అంటూ నా టోపీ చేతిలోకి తీసుకున్నారు.

నేను లేచాను. నోరు కూడా తెరిచాను. కానీ ఆయన చెయ్యి పళ్లెం నుంచి కలశం దాకా ప్రయాణించిన ఆ కాస్త సేపట్లో నా బుర్రలో ఒక పెద్ద సభే జరిగింది. ఒకామె లేచి, చెప్పెయ్యవే, అది పాప టోపీ అంది. ఇంకొకామె, చెప్తే ఈ ముప్పైమందీ టోపీని చూస్తారు, చూస్తే ఇదేం టోపీ అంటారు, కలశం తొడుగు అనుకుంటే కనీసం బాగుంది అంటున్నారు కదా అంది. మూడో ఆమె లేసు ఊరి కోడలు. పెద్దత్తయ్య ఎటు చూస్తోందో చూడు ముందు అంది. చూశాను. పెద్దత్తయ్య కళ్లజోడు సర్దుకుంటోంది. ఆ సభ ఇంకా తీర్మానం దగ్గరికి రాలేదు, పంతులుగారు టోపీని కాయ మీద పెట్టి రెండు వేళ్లతో కిందికి నొక్కారు.

సరిపోయింది.

సరిపోవడమంటే మామూలుగా కాదు. కొస వెళ్లి పిలక మీద కూర్చుంది, ఎర్రంచు సరిగ్గా మామిడాకుల మీద ఆనింది. ఎక్కడా ముడత లేదు. నా జన్మలో నేను చేసిన ఏ వస్తువూ దేనికీ అంత కచ్చితంగా కుదరలేదు. మా టైలరును పిలిచి చూపించాలనిపించింది. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర నా జాకెట్టు కొలతలున్నాయి, ఒక్కసారైనా భుజం దగ్గర కుదిరిందా? చూడని కాయకు నేను ఎలా కుట్టానో వచ్చి చూడమనండి. తప్పు కాయకు కుదిరిందని ఏడవాలో, కుదిరిందని మురిసిపోవాలో తెలియక అలాగే నిలబడిపోయాను. "కూర్చోమ్మా, ఫొటోకి అడ్డమొస్తున్నావు" అన్నాడు వీడియో అబ్బాయి.

కూర్చున్నాను. గంగ, యమున, గోదావరి, సరస్వతి అంటూ పంతులుగారు నదులన్నిటినీ పిలిచారు. అన్నీ వచ్చి నా టోపీ కింద చేరాయి. అందరూ అక్షతలు వేశారు. మామూలు రవికగుడ్డ మీదైతే జారిపోయేవి. నా అల్లికకు బొక్కలెక్కువ కదా, ఎక్కడివక్కడ ఇరుక్కుని, పసుపు మీద తెల్లటి డిజైన్‌లా తయారయ్యాయి. ఎవరో, "ముత్యాలు కూడా కుట్టారేమిటి?" అన్నారు. అత్తయ్య వంగి కొస మీద ఇంత కుంకుమబొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఇక దాన్ని పిల్ల తలకు ఎవరు పెడతారు?

సరిగ్గా మంత్రానికీ మంత్రానికీ మధ్య అందరూ నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసుకుని మావారు, "అదేంటి, పాప టోపీ కదా అది!" అన్నారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కనిపెట్టలేని మనిషి.

పంతులుగారు ఆపలేదు, అదొక్కటే ఆయన నాకు చేసిన మేలు. మిగతా అందరూ మాత్రం ఆపారు. ఆడపడుచు ఒళ్లో పాపను పెట్టుకుని, "వదినా, ఇది నువ్వు అల్లావా? నేను సున్నుండలు..." అని మధ్యలో ఆగిపోయింది. తోడికోడలు నవ్వు ఆపుకోవడానికి వెండి గిన్నెను అడ్డం పెట్టుకుంది. గిన్నె దానికైనా పనికొచ్చింది. వెనక వరసలో ఎవరో, "ఆయ్, ఈ ఎండల్లో పసిపిల్లకి ఊలు టోపీ ఏంటండీ" అన్నారు. అది నిజమే. ఏప్రిల్ నెల అన్న సంగతి పదకొండు రాత్రుల్లో ఒక్క రాత్రి కూడా గుర్తుకు రాలేదు. నేను అల్లింది ఏసీలో కూర్చుని.

తంతు అయ్యాక పెద్దత్తయ్య నన్ను పిలిచింది. కలశం మీదున్నదాన్ని తియ్యకుండానే ఒక్క వేలితో అంచు పైకెత్తి, నాలుగు కుట్లు తడిమింది.

"పొడుగు కుట్టు వేసి పొట్టి కుట్టు లెక్క పట్టావమ్మాయ్" అంది.

అంతే. నాలుగు సెకన్లు పట్టిందేమో. బ్రిటన్ లేదు, అమెరికా లేదు, డీసీ లేదు. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు. ఈ ముక్క ఆ గోళ్ల పిల్ల చెప్పి ఉంటే ఏం పోయేది? పెద్దత్తయ్య నా మొహం చూసి జాలిపడి, "పర్లేదులే, మొదటిది కదా. నేను అల్లిన మొదటిది మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది" అంది. అది ఓదార్పో సలహానో నాకిప్పటికీ తేలలేదు.

కనీసం ఫొటో కోసమైనా పాపకు ఒక్కసారి పెట్టి చూద్దామని, కుంకుమ దులిపితే పోదా అనుకుంటూ భోజనాలయ్యాక గదిలోకి వెళ్లాను. పీట మీద కలశం లేదు. వీధిలోకి పరుగెత్తాను. పంతులుగారు స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. కలశం బియ్యం, కాయ, తాంబూలం, గుడ్డ అన్నీ ఆయనకే చెందుతాయి. ముందు తగిలించిన సంచిలోంచి పసుపు పచ్చటి కొస ఒకటి బయటికి చూస్తోంది. అత్తయ్య వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "దానమిచ్చింది తిరిగి అడక్కూడదమ్మాయ్" అంది. నేనెప్పుడు దానమిచ్చాను?

తిరుగు రైలు ఇంకా భీమవరం దాటకముందే మావారు ఎదురు బెర్తు వాళ్లకు మొత్తం కథ చెప్పారు. వాళ్లు దిగేటప్పుడు నన్ను చూసి నవ్వారు.

ఇంటికొచ్చేసరికి ఆ కొబ్బరికాయ సోఫాలో, మా అమ్మాయి గీసిన నోటితో నవ్వుతూ, నా కోసమే కూర్చుని ఉంది. బ్యాగు కింద పెట్టకుండా తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లి గట్టు మీద వేసి ఒక్కటిచ్చాను.

కుళ్లిపోయింది.