డబుల్ స్పీడులో మహాభారతం

మా మామగారికి హిందీ వచ్చు. హిందీ పరీక్షల్లో మధ్యమ పాసయ్యారు. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మహాభారతం మొదలయ్యాక ఆ సర్టిఫికెట్‌కు వాళ్ళ వీధిలో వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. ఆదివారం పొద్దున్నే హాల్లో చాపలు పరిచి జనం కూర్చుంటే, ఈయన టీవీ పక్కన నిలబడి 94 భాగాలకూ తాత్పర్యం చెప్పారట. "ధర్మరాజు జూదంలో ఓడిపోతున్నాడు" లాంటివి. హిందీ రాకపోయినా అందరికీ తెలిసినవే, అయినా చెప్పారు.

ఈ వేసవి సెలవుల్లో ఆ వైభవం మనవడికి చూపిద్దామనుకున్నారు. మావాడు ఏడో తరగతి. రిమోట్ వాడి చేతిలో ఉంది.

ముందుగా 'హమ్ లోగ్' పెట్టించారు. 1984లో వచ్చిన సీరియల్. కుటుంబ నియంత్రణలాంటి మంచి మాటలు కథలో కలిపి జనానికి పట్టిద్దామని తీశారు. భాగం చివర అశోక్ కుమార్ వచ్చి, జరిగినదాని మీద నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్తాడు. "ఓహో, రియాక్షన్ వీడియోలు ఈయనే మొదలెట్టాడా!" అన్నాడు మావాడు. మామగారు దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నారు.

తర్వాత ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వారి డాక్యుమెంటరీ ఒకటి. నిమిషం తిరక్కుండానే "స్కిప్ బటన్ ఏదీ?" అన్నాడు. మా రోజుల్లోనూ స్కిప్ ఉండేది. హాల్లో సినిమాకి ముందు ఇవి వేసి తీరాలని రూలు కాబట్టి, అవి అయ్యేదాకా జనం బయట సోడా బండి దగ్గర ఉండేవాళ్ళు.

మామగారికి రోషం వచ్చింది. "ఒరేయ్, 1975లో అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, మన రాష్ట్రంతో కలిపి 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించార్రా! కోళ్ళ కంచెకు వాడే వలతో 10 అడుగుల గొడుగులు చేసి సిగ్నల్ పట్టారు. వ్యవసాయం గురించి చెప్తుంటే ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని చూశాయి!"

"ఇంకో ఛానెల్ లేదు కదా తాతయ్యా?"

మామగారు మజ్జిగ అడిగారు. నిజం చెప్పాలంటే వాడి ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. మేం మాత్రం నచ్చి చూశామా, ఉంది గనక చూశాం. కాకపోతే ఆ మాట మామగారింట్లో కూర్చుని అల్లుడు అనేది కాదు.

చివరికి అసలు ఘట్టం. మహాభారతంలో కథ చెప్పేది కాలం. మనిషి కనిపించడు, హరీష్ భిమానీ గొంతు ఒక్కటే తాపీగా, గంభీరంగా వినిపిస్తుంది. మామగారు అలవాటుగా లేచి టీవీ పక్కన నిలబడ్డారు. మావాడు "ఈ అంకుల్ మరీ స్లో" అని స్పీడు డబుల్ చేశాడు. అంతే, కాలం బస్సు కదిలిపోతున్న కండక్టర్లా అరవడం మొదలెట్టింది. మామగారు "నేను... కాలాన్ని..." అనేలోపు భరతుడు వచ్చి వెళ్ళిపోయాడు. ఆయన భరతుడిని అందుకునేసరికి తెర మీద శంతనుడు గంగను చూసేశాడు. పాపం, ఇంకో రెండు తరాలు వెంటపడి, ఆయాసపడి వెళ్ళి పడుకున్నారు.

స్పీడు మళ్ళీ మామూలుకి ఎవరూ మార్చలేదు.

మా అత్తగారు రోజూ పొద్దున్నే అదే టీవీలో సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం పెట్టుకుంటారు. ఆవిడ వంటింటి గడియారం కూడా అదే. స్తోత్రం మొదలవగానే ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కుతుంది, మంగళాశాసనం అవగానే దిగుతుంది. ఆ రోజు స్వామి ఉలిక్కిపడి లేచి ఉంటాడు. "సుబ్బులక్ష్మిగారికి ఇవాళ ఎక్కడో కచేరీ ఉన్నట్టుంది, తొందరపడుతున్నారు" అనుకుంటూనే అత్తగారు టైముకి పాత్ర దించేశారు.

ఇడ్లీ పైకి బాగానే ఉంది. వేలు పెడితే లోపల పిండి.

"అమ్మమ్మా, ఇది సగమే లోడ్ అయింది" అన్నాడు మావాడు, ప్లేటు పక్కకి జరుపుతూ. మామగారు పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

అత్తగారు నావైపు తిరిగారు. "వాడికేం తెలుసు, మీరు చెప్పండి బాబూ, ఎలా ఉన్నాయి?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాను.

ఇంకో రెండు వడ్డించారు.