ఇంకో వారం చూద్దాం అనేవాళ్ళకి

మా మామ సంవత్సరీకం మొన్న అయిపోయింది. వచ్చినవాళ్ళు తిన్నారు, తాంబూలాలు పుచ్చుకున్నారు, బస్సుకు టైమైందని వెళ్ళిపోయారు. భోజనాల దగ్గర మా ఆయన మేనత్త ఒక మాట అనింది. "ఎంత ఖర్చయినా వెనక్కి తగ్గలేదు మే మీరు. పందొమ్మిది దినాలు మిషను మీద పెట్టి చూసుకున్నారు. మా అన్న అదృష్టవంతుడు." నేను సాంబారు బకెట్ పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నా. ఏమీ అనలేదు. అప్పుడు మింగిందంతా ఇక్కడ కక్కుతున్నా, పొడుగుంటుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

మామ ఆర్టీసీ డ్రైవరు. చాలా ఏళ్ళు తిరుమల బండే తోలినాడు, రెండో ఘాట్‌లో పైకి, మొదటి ఘాట్‌లో కిందికి. 75 ఏళ్ళకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా అయింది. ఆ తర్వాత మూడేళ్ళు తిరుపతిలో మా అద్దె ఇంట్లో, ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. చివరి ఎనిమిది నెలలు ముక్కులో గొట్టం. రాగి జావ పల్చగా కాచి, రెండుసార్లు గుడ్డలో వడగట్టి, పెద్ద సిరంజితో పోయాలి. వడగట్టడంలో తేడా వస్తే గొట్టం మూసుకుపోతుంది, మళ్ళీ మార్పించాలి. పోసేటప్పుడు తల ఎత్తిపెట్టాలి, పోశాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పగలు కాదు కదా కష్టం, రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుక్కి. ఒక పెళ్ళికని రెండు రోజులు మదనపల్లెకు పోయొస్తే నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు కనిపించింది. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇదంతా చేయడానికి స్కూల్లో టీచరు ఉద్యోగం మానింది ఎవరని అడగొద్దు. మీ ఇళ్ళల్లో ఎవరు మానారో వాళ్ళే.

తర్వాత ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. ఆయాసం. ఒక ప్రైవేటు ఆస్పత్రి. సాయంత్రం చేరిస్తే తెల్లారేసరికి గొంతులో గొట్టం, వెంటిలేటరు. సంతకం మా ఆయన పెట్టాడు, దేని మీద పెట్టాడో ఆయనకీ తెలీదు. నాలుగో రోజు డాక్టరు బయటికొచ్చి, మెదడు దెబ్బతినింది, కిడ్నీలు పోతున్నాయి, కోలుకోవడం కష్టం అని చెప్పాడు. కష్టం అంటే మా బావకు "కొంచెం కష్టం" అని వినపడింది, నాకు "కాదు" అని వినపడింది. ఇద్దరం ఆ ఒక్క మాటే విన్నాం. డాక్టర్లు ఈ "కష్టం" అనే మాట మానేస్తే సగం గొడవలు తగ్గుతాయి.

బావ బెంగళూరు నుంచి కారులో వచ్చి, గాజు తలుపు అవతల ఐదు నిమిషాలు నిలబడి, "ఇంకో వారం చూద్దాం" అన్నాడు. కావాలంటే రాయవేలూరు తీసకపోదాం అన్నాడు. ఆడబిడ్డ అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఏడుస్తా "నాన్నను వదిలేయొద్దు" అనింది. నేనప్పుడు చెప్పా. పక్షవాతం వచ్చిన మొదట్లో, మాట కొంచెం అర్థమవుతున్న రోజుల్లో, తన స్నేహితుణ్ణి ఐసీయూలో చూసొచ్చి మామ నాతో అన్నాడు: "నన్నట్లా గొట్టాలేసి కట్టేయద్దు అమ్మీ. ఇంటికాడ పోతా." ఇది చెప్తే ఆడబిడ్డ ఫోన్లో ఒక్క క్షణం ఆగి, "చేసి చేసి నీకు విసుగొచ్చింది వదినా, అందుకే అట్లంటా ఉండావు" అనింది.

విసుగు రాలేదని ఒట్టేసి చెప్పలేను. వచ్చింది. మూడేళ్ళు రాత్రి రెండుకి లేచిన మనిషికి రాకపోతే ఆశ్చర్యం. కానీ నా విసుగు ఒక్కటే చూస్తారేం? చెయ్యని మనిషి పశ్చాత్తాపం కూడా మధ్యలో ఉంది కదా? మూడేళ్ళలో నాలుగుసార్లు వచ్చిన కొడుక్కి, ఆ మూడేళ్ళ బాకీ పందొమ్మిది రోజుల బిల్లుతో తీర్చేయాలనిపిస్తుంది. ఆ బాకీ మామ ఒంటి మీద కట్టాడు. మంచివాడే బావ, ఇది చదువుతాడు కూడా. కోపమొస్తే ఫోన్ చెయ్ బావా, మాట్లాడుకుందాం.

ఆ ఐసీయూలో రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకమ్మాయి ఉండేది. పాతికేళ్ళుంటాయేమో. చిత్తూరు వైపు పిల్ల. వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు ఉండాలంటారు, ఆ పిల్లకు నాలుగు మంచాలు. మామ గొంతులో కఫం లాగేటప్పుడు మనిషి మొత్తం ఎగిరిపడేవాడు. చేతులు మంచానికి కట్టుంటాయి కదా, ఆ కట్టిన వేళ్ళు మాత్రం ముడుచుకునేవి. ఆ పని చేసేముందు ప్రతిసారీ "తాతా, ఒక్క నిమిషం, అయిపోతుంది" అని చెప్పేది. తాతకు వినపడదని తెలిసీ చెప్పేది. కుటుంబంతో డాక్టరు మాట్లాడే మీటింగులు మూడు జరిగాయి. ఒక్కదానికీ ఆమెను పిలవలేదు. పన్నెండు గంటలు ఆయన్ని చూసేది ఆమె, ఆయన గురించి ఐదు నిమిషాలు మాట్లాడేది ఇంకొకరు. ఒకరోజు నేనే కారిడార్లో పట్టుకొని అడిగా, "మీ తాతైతే ఏం చేస్తావు?" అని. చుట్టూ చూసింది. "మమ్మల్ని అట్లాంటివి చెప్పనియ్యరక్కా" అనింది. అని, పోలేదు. అక్కడే నిలబడింది. నాకు జవాబు దొరికింది.

మాది ఒప్పు, వాళ్ళది తప్పు అని తేల్చేద్దామనుకుంటే ఒక కథ అడ్డం వస్తుంది. అరుణా షాన్‌బాగ్ పేరు వినుంటారు. ముంబై కేఈఎం ఆస్పత్రిలో నర్సు. 1973లో అదే ఆస్పత్రిలో దాడికి గురై, మెదడు దెబ్బతిని, 42 ఏళ్ళు అక్కడే మంచం మీద ఉండి 2015లో పోయింది. ఆమెకు ముక్తి ఇవ్వండని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కేఈఎం నర్సులు ఒప్పుకోలేదు, మేం చూసుకుంటాం అన్నారు. 2011 తీర్పులో కోర్టు, ఆమె తరఫున మాట్లాడాల్సిన దగ్గరివాళ్ళు ఈ నర్సులే, పిటిషన్ వేసినామె కాదు అనింది. అన్నేళ్ళు మంచంలో ఉన్నా ఒంటి మీద పుండు లేకుండా చూసుకున్నారట. ఒక్క పుండుతో నాలుగు నెలలు కుస్తీ పట్టినదాన్ని, అదెంత పనో నాకు తెలుసు. వాళ్ళ నిర్ణయం నేనైతే తీసుకోను. కానీ వాళ్ళకా మాట అనే హక్కుంది. ఒళ్ళు తుడిచిన చేతుల్ని కోర్టు అడిగింది. మా ఇంట్లో అడగలేదు, అంతే నా ఏడుపు.

పన్నెండో రోజు మా ఆయన మెత్తబడి, మిషను తీసేయమందామా అన్నాడు. వెంటనే ఒక చుట్టం "అది మెర్సీ కిల్లింగు, జైల్లో ఏస్తారు" అన్నాడు. ఈ భయం అందరికీ ఉంది కాబట్టి చెప్తున్నా. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మన దేశంలో నేరం. ఫలితం లేని వైద్యాన్ని ఆపి, మనిషిని తన జబ్బుతో తనను పోనివ్వడం వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 2023 జనవరిలో వైద్యం ఆపే పద్ధతిని కొంత సులువు చేసింది. ఆస్పత్రిలోనే ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, దాని మీద రెండో బోర్డు, వీలైతే 48 గంటల్లో చెప్పాలి. తెలివి లేనప్పుడు నాకిట్లాంటి వైద్యం వద్దని మనిషి ముందే రాసిపెట్టిన కాగితం (లివింగ్ విల్ అంటారు) లేకపోయినా, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ఇదే దారి. ఇట్లాంటి బోర్డు ఒకటుంటుందని మాకు ఆ పందొమ్మిది రోజుల్లో ఒక్కరూ చెప్పలేదు.

అసలు "కారుణ్య మరణం" అనే మాట మన పక్కన ఎట్లా వాడారో చూడండి. 2016లో ఎనిమిది నెలల బిడ్డకు కాలేయం జబ్బయితే, వైద్యానికి డబ్బుల్లేక, చంపడానికి అనుమతివ్వమని తల్లిదండ్రులు తంబళ్లపల్లె కోర్టుకు పోయారు. పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది, ఆపరేషన్ జరిగింది. 2021లో తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొని ఒక తల్లి అదే పని మీద పుంగనూరు కోర్టుకు పోయింది. తిరిగొస్తుంటే దారిలో ఆటోలోనే పోయాడు పిల్లోడు. వీళ్ళెవరూ చావు కోరి పోలేదు. ఇంకో దిక్కు తెలీక పోయారు. డబ్బు లేనివాడు బతికించుకోలేక కోర్టుకు, డబ్బు అప్పు పుట్టినవాడు పోనివ్వలేక ఐసీయూకి.

పందొమ్మిదో రోజు డాక్టరే అన్నాడు, "మీ ఇష్టంతో తీసుకెళ్తామని సంతకం పెడితే మాకు అభ్యంతరం లేదు." డాక్టరు సలహాకు వ్యతిరేకంగా, మా సొంత పూచీ మీద, అని రాసుంది కాగితంలో. సలహా ఇచ్చింది ఆయనే! దొంగతనంగా మనిషిని ఎత్తుకుపోతున్నట్టు బయటపడ్డాం.

బయటపడి ఎక్కడికి? మా ఇంటి ఓనరమ్మ పైనే ఉంటుంది. చెడ్డ మనిషి కాదు, మూడేళ్ళూ మజ్జిగ పంపేది. చేతిలో పంచాంగం పట్టుకొని కిందికొచ్చింది. "రేపట్నుంచి ధనిష్ఠా పంచకం వస్తా ఉందమ్మా. ఏమనుకోవద్దు." ఆ ఐదు నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి కదా. ఆస్పత్రిలో పోతే ఇంటికి దోషం లేదు. ఐసీయూలు నిండడానికి ఇదొక కారణమని ఎవరూ రాయరు. అద్దె ఇంట్లో పుట్టొచ్చు, పోవడానికి మాత్రం సొంతిల్లు కావాలి.

పాకాల దగ్గర మామ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాం. అంబులెన్సులో వార్డు బాయ్ దారి పొడుగునా చేత్తో గాలి సంచి నొక్కుతూ వచ్చాడు, ఇంటికొచ్చాక గొట్టం తీసేసి, డబ్బులు తీసుకొని వెళ్ళిపోయాడు. వెంటనే పోతాడనుకున్నాం. పోలేదు. రాత్రంతా, మరుసటి మధ్యాహ్నం దాకా ఉన్నాడు. గొంతులో గరగర. ఒక నర్సు లేదు, ఒక మందు లేదు, ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు. కేరళలో 2008లోనే దీనికి ప్రభుత్వ విధానం పెట్టుకున్నారు, నర్సులు ఇళ్ళకే వెళ్ళి చూస్తారు. మాకు ఆ సిస్టర్ ఫోన్ నంబరుంది, అంతే. రాత్రి పదకొండుకి చేస్తే ఎత్తింది. ఊళ్ళో ఆడవాళ్ళు చివరి పాలు పోస్తామంటున్నారంటే, "వద్దక్కా, మింగలేడు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్డ తడిపి పెదవులకు అద్దండి, చాలు" అనింది. పక్కకు తిప్పి పడుకోబెట్టమనింది. తిప్పితే గరగర తగ్గింది. రెండు గంటలకోసారి తిప్పడం నాకు అలవాటే కదా. తీర్థం కూడా గుడ్డతోనే అద్దాం. గేదెలు అరుస్తా ఉంటే, వాకిట్లో ఎవరో కోళ్ళను తోలుతా ఉంటే పోయాడు. చేతులు కట్టేసి లేవు.

బిల్లు ఏడు లక్షల చిల్లర. దాని గురించి ఇంకో రోజు.

పోయిన నెల నేను నా లివింగ్ విల్ కాగితం రాసుకున్నా. కోర్టు దగ్గర నోటరీ దగ్గరికి పోతే "వీలునామానా? ఆస్తులెన్నమ్మా?" అన్నాడు. ఆస్తి లేదు సార్, వెంటిలేటర్ గురించి అన్నా. నావైపోసారి, కాగితం వైపోసారి చూశాడు. "ఒంట్లో బాగలేదా తల్లీ?" అన్నాడు పాపం. బాగుంది సార్, అందుకే ఇప్పుడు రాస్తున్నా అన్నా. బయటివాళ్ళు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు, నోటరీ ముద్ర పడింది. నాకు తెలివి లేనప్పుడు నా తరఫున చెప్పేవాళ్ళుగా మా చెల్లెలి పేరు, మా ఆయన పేరు రాశా. చెల్లెలు చదివి, కాసేపు ఏడ్చి, సరే అక్కా అనింది. మా ఆయన ఇంకా చదవలేదు. పది రోజులుగా టీవీ పక్కన పెట్టుంది. నిన్న మళ్ళీ చేతికిచ్చా.

"వచ్చే వారం చూద్దాంలే" అన్నాడు.