పొటాషియం చూడకుండా అరటిపండు చెప్పకండి

ఎండలు ముదిరితే చాలు, ప్రతి ఫోనులోనూ అదే మెసేజీ. నీరసంగా ఉందా, పిక్కలు పట్టేస్తున్నాయా, అయితే మీకు పొటాషియం తగ్గింది, రోజూ రెండు అరటిపళ్ళు తినండి, ఒక కొబ్బరిబొండం తాగండి అని. ఇంకెక్కడైనా ఈ సలహాతో పెద్ద నష్టం లేకపోవచ్చు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా కిడ్నీ రోగులున్న మన శ్రీకాకుళం జిల్లాలో మాత్రం ఇది ప్రమాదకరమైన సలహా. పొటాషియం తగ్గినా నీరసమే, పెరిగినా నీరసమే. మనిషి మొహం చూసి ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. రక్తం చూడాల్సిందే.

నిరుడు మే నెల సంగతి. మా మేనమామది టెక్కలి పక్క పల్లె. బీపీకని నీరు తీసే మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటున్నాడు. పెళ్ళి భోజనం పడక రెండు రోజులు విరేచనాలయ్యాయి. మూడో రోజు తెల్లారి చాప మీంచి లేవలేకపోయాడు. "ఏటల్లుడూ, కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నాడు. మూతి వంకర పోలేదు, మాట తేడాగా లేదు, కానీ మోకాలు మడవలేడు. ఊరంతా పక్షవాతమే అంది. ఒకాయన ఒడిశా వైపు పసరు మందు ఇచ్చే ఊరికి దారి కూడా చెప్పాడు. ఈలోగా తెలిసిన వైద్యుడు వచ్చి గ్లూకోజు సీసా పెట్టాడు. మధ్యాహ్నానికి చేతులూ వాలిపోయాయి. టౌనుకి తీసుకెళ్తే పొటాషియం 2.1 అని రిపోర్టు వచ్చింది. సెలైన్లో పొటాషియం కలిపి, గుండెకి మానిటర్ తగిలించి, నెమ్మదిగా ఎక్కించారు. రాత్రి పదింటికి మామయ్య చెయ్యెత్తి దోమను కొట్టుకున్నాడు. మా అత్త అప్పుడు ఏడ్చింది.

ఆ గ్లూకోజు సీసా దగ్గర కాస్త ఆగాలి. ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది ఆ మిగిలిన కొంచెమే. అది లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. నరం పలకాలన్నా, కండ బిగవాలన్నా, గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలన్నా ఈ లోపలి బయటి తేడాయే ఆధారం. గ్లూకోజు ఎక్కిస్తే ఇన్సులిన్ పెరుగుతుంది, అది రక్తంలో ఉన్న పొటాషియాన్ని కూడా కణాల్లోకి తోసేస్తుంది. అంటే ఓపిక రావాలని పెట్టిన సీసాయే ఉన్న ఓపిక లాగేసింది. ఆ వైద్యుణ్ణి తిట్టి లాభం లేదు. నీరసమంటే సీసా అని ఆయనకి నేర్పింది మనమే.

3.5 కంటే దిగితే నీరసం, పిక్కల నొప్పులు, మలబద్ధకం, గుండె దడ మొదలవవచ్చు. 2.5 కంటే దిగితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, గుండె గతి తప్పవచ్చు. నెలల తరబడి తక్కువగానే ఉంటే కిడ్నీలు కూడా చెడతాయి. ఇంత లోటు ఒక్క తిండి వల్లే రావడం అరుదు. ఎక్కడో కారిపోతూ ఉండాలి. విరేచనాలు, వాంతులు, నీరు తీసే మాత్రలు, మితిమీరిన తాగుడు. ఇంట్లో కలిపే ఉప్పు పంచదార నీళ్ళలో పొటాషియం ఉండదు. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఈ ఒక్క ముక్క ఫోన్లలో తిప్పినా పుణ్యం.

ఇక ఉద్దానం, మన జిల్లాలో కారణం తేలని కిడ్నీ జబ్బు పీడిస్తున్న ప్రాంతం. అక్కడి కథ మళ్ళీ చెప్పనక్కర్లేదు, 2023లో పలాసలో కట్టిన కిడ్నీ ఆసుపత్రి సంగతీ అందరికీ తెలుసు. దెబ్బతిన్న కిడ్నీ చాలాసార్లు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేకపోతుంది. అలాంటివాడు ఇంటి చెట్టు బొండమే కదా అని రెండు తాగితే గుండె మీదికి రావచ్చు. పైగా కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా ఆ సంగతి మనిషికి తెలీదు. మెలిక ఇంకోటి ఉంది. మధ్య అమెరికా చెరకు కూలీలకూ ఇలాగే కారణం తేలని కిడ్నీ జబ్బు ఉంది. అక్కడి రోగుల్లో కొందరికి పొటాషియం పెరగడం కాదు, తగ్గినట్టు కనిపించింది. జబ్బు తీరు ఒకటే అయినా ఒకడికి తక్కువ, ఒకడికి ఎక్కువ. ఊహించి చెప్పే సలహాకి ఇక్కడ చోటెక్కడ?

పొటాషియం మంచిదే కదా అంటారు. నిజమే. పెద్దలకి రోజుకు 3,510 మిల్లీగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చైనా పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కిడ్నీలు బాగున్నవాడు అరటిపండు తింటే వద్దనేది ఎవరు? అయితే అదే సంస్థ 2025లో ఆ ఉప్పును సిఫార్సు చేస్తూ కిడ్నీ జబ్బున్నవారిని మినహాయించింది. మన పల్లెలో ఆ మినహాయింపులోకి వచ్చేదెవరో పరీక్ష చేయకుండా ఎలా తెలుస్తుంది?

పరీక్ష అనగానే ఊళ్ళో రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి, బండి మీద టౌను ల్యాబుకి పంపితే సరిపోతుందనుకుంటారు. ఈ పరీక్షకి అది చెల్లదు. తీసిన రక్తాన్ని సీరం (కణాలు పోగా మిగిలే నీటి భాగం) వేరు చేయకుండా చల్లగా ఉంచితే ఎర్రకణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది. గంటలు గడిచేకొద్దీ అంకె పెరుగుతుంది. 3.0 ఉన్నవాడి రిపోర్టు 4.0 అని రావచ్చు, అంతా బాగుందని మాత్ర కొనసాగించవచ్చు. అందుకే యంత్రమే పల్లె దగ్గరికి రావాలి, కనీసం రక్తాన్ని తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజైనా ప్రతి పీహెచ్‌సీలో ఆడుతూ ఉండాలి. ఏఎన్ఎం సంచిలో బీపీ యంత్రం ఉంది, షుగర్ స్ట్రిప్ ఉంది. పొటాషియానికి అంత చవకైన స్ట్రిప్ లేదు కాబట్టి అది ఎవరి లెక్కలోనూ లేదు. నీరు తీసే మాత్ర రాసిన ప్రతి మనిషికీ పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండూ చూడటం మన జిల్లాలో తప్పనిసరి చేయాలి.

అసలు మన దగ్గర చవగ్గా దొరికేదే పోషణ అయిపోయింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, కాదనను. కానీ డిపో బియ్యం వెనకే చోడి (రాగి) అంబలి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. వంద గ్రాముల చోళ్ళలో నాలుగు వందల మిల్లీగ్రాముల పైన పొటాషియం, పాలిష్ బియ్యంలో వంద దగ్గర. అందులోనూ గంజి వార్చి పారబోస్తాం. పొలానిదీ అదే గతి. యూరియా బస్తా 266 రూపాయలు, పొటాషియం ఇచ్చే పొటాష్ ఎరువు బస్తా 2022లో 1,700కి ఎక్కింది. మనిషికి బియ్యం, నేలకి యూరియా. మిగతావి కొనుక్కోగలిగినవాడికి.

మొన్న ఖరీఫ్‌కి మామయ్య కూడా పొటాష్ వేయలేదు. ఎందుకు మామయ్యా అంటే గట్టు మీద నిలబడి చేను చూపించాడు. "పైరు పచ్చగానే ఉంది కదల్లుడూ!"