"మీరేవిట్లు?" గారికి

మహారాజశ్రీ "మీరేవిట్లు?" గారికి నమస్కరించి వ్రాయునది.

నేనిక్కడ క్షేమం. తమరూ క్షేమమేనని మొన్న ఆదివారం మధ్యాహ్నం, సూర్యారావుపేటలో ఓ మేడ మీద చెవులారా విన్నాను.

ముందు చిన్న సందేహం. "ఏమిటి"కి బహువచనం తమరి దగ్గర తప్ప ఇంకెక్కడా వినలేదు. ఇవాళ కూరలేవిట్లు అని ఎవరూ అడగరు. మనుషుల్ని కులం అడగడానికే ఎందుకండీ ఈ మర్యాద?

మనకి పాత పరిచయం లేదు. మాది అవనిగడ్డ. అక్కడ పాతికేళ్ళున్నా తమరు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. మా ఊరు అంత గొప్పదని కాదు, అక్కడ తమరికి పని లేదు. ఎవరిది ఏ వీధో, ఎవరు ఎవరి గుమ్మం దాకా రావచ్చో ఊరందరికీ నోటికొచ్చు. క్లాసులో అబ్బాయితో కలిసి చల్లపల్లిలో ఐస్‌క్రీమ్ తింటే, నేను బస్సు దిగేసరికి అది ఏ ఫ్లేవరో మా అమ్మకి తెలిసిపోయింది. అంత తెలిసిన ఊళ్ళో ఇక అడగడమెందుకు?

అందుకే బెజవాడ వచ్చాను. ఇంట్లో ఉద్యోగమని చెప్పాను గానీ, ఎవరికీ తెలియని మనిషిగా కొన్నాళ్ళు బతకాలన్నది అసలు సంగతి. మొదటి ఆర్నెల్లు హాస్టల్లో హాయిగానే గడిచాయి. పునుగుల బండి ఆయన "చట్నీ ఇంకాస్త వెయ్యనా?" అని తప్ప ఇంకేమీ అడగలేదు. వన్ టౌన్‌లో మార్వాడీ కొట్టాయన నాకంటే మంచి తెలుగులో నాతో బేరమాడాడు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ దగ్గర కొబ్బరికాయలు కొట్టేవాళ్ళని, గుండ్లు చేయించుకునేవాళ్ళని చూసి, ఇదిరా ఊరంటే అనుకున్నాను.

తర్వాత అమ్మని తెచ్చుకుందామని ఇల్లు వెతకడం మొదలెట్టాను. అప్పట్నుంచీ తమరి దర్శనమే. అడ్వాన్సుల సంగతి, తొమ్మిదింటికి గేటుకి తాళాల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, అవి తమరి తప్పు కాదు.

తమరు నేరుగా రారు. ముందు మీ చుట్టాలని పంపిస్తారు. "ఇంటిపేరేంటమ్మా?" మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది, దాంతో ఏమీ తేలదు. "అవనిగడ్డలో ఏ వైపు?" బస్టాండు వైపంటే అసలే తేలదు. "నీచు తింటారా?" "మీ అమ్మ బొట్టు పెట్టుకుంటుందా?" ఇవేవీ పని చెయ్యకపోతే అప్పుడు తమరు బయల్దేరతారు.

ఆదివారం నాడు ఓనరమ్మ గారు మంచావిడలాగే ఉన్నారు. మండే ఎండలో మూడంతస్తులు ఎక్కొచ్చానని స్టీలు గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చారు. కరివేపాకు, అల్లం కూడా వేశారు. ఆ గ్లాసు చేత్తో పట్టుకునే డాబా మీదకెళ్ళాం. "అదిగో చూడమ్మా, అంబేద్కర్ విగ్రహం. రాత్రి లైట్లేస్తే ఎంత బాగుంటుందో!" అన్నారు. స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం. పీఠంతో కలిపితే 206 అడుగులు. అద్దె ఇంకో వెయ్యి పెంచడానికి అది పనికొస్తుందని అప్పుడే తెలిసింది. నేనింకా అటే చూస్తున్నాను, ఆవిడ గొంతు తగ్గించి, "ఇంతకీ మీరేవిట్లమ్మా?" అన్నారు.

"తెలుగువాళ్ళమండి" అన్నాను.

"అది కాదమ్మాయ్" అని నవ్వారు. "మాకలాంటి పట్టింపుల్లేవు, కింద వాటావాళ్ళు అడుగుతారని."

నేను చెప్పలేదు. కిందికొచ్చాక గ్లాసు ఇవ్వబోతే ఆవిడ చెయ్యి చాచలేదు. "అక్కడ గట్టు మీద పెట్టెయ్యమ్మా. మా ఆయన్ని కనుక్కుని ఫోన్ చేస్తాలే" అన్నారు.

నేను ఆ గ్లాసు కడిగాను. కడిగి బోర్లించి మరీ వచ్చాను. ఎవరు కడగమన్నారు నన్ను? మూడు రోజులుగా ఆఫీసులో కూర్చున్నా, స్నానం చేస్తున్నా అదే గుర్తొస్తోంది. నోటితో ఒక్క మాట చెప్పకుండా, నా చేత్తో నేనే జవాబు చెప్పి వచ్చినట్టు. ఇక ఈ తమరూ గిమరూ నావల్ల కాదు. సిగ్గుందా నీకు? మజ్జిగ దాహానికి ఇచ్చిందో, నీ కోసం ఇచ్చిందో తెలియకుండా చేశావు కదా!

నీ సంగతి ఈ జిల్లాలకి కొత్తేం కాదులే. జాషువా గారి పద్యం విని ఆహా ఓహో అన్నవాళ్ళే, కులం అడిగి లేచి వెళ్ళిపోయేవాళ్ళట. ఆ బాధ ఆయనే చెప్పుకున్నారు. ఆయన కూతురు హేమలతని కోడలిగా తెచ్చుకున్న గోరా గారి నాస్తిక కేంద్రం ఈ ఊళ్ళోనే, బెంజ్ సర్కిల్ దగ్గరుంది. 1940లో ముదునూరులో పెట్టి, 1947లో పటమటకి తెచ్చారు. అప్పట్నుంచీ దాని ముందు నుంచే సిటీ బస్సులో తిరుగుతున్నావు. ఒక్కసారైనా ఆ స్టాపులో దిగావా?

ఆవిడ ఫోన్ చెయ్యలేదు. నిన్న సాయంత్రం అటు వెళ్తే టు-లెట్ బోర్డు ఇంకా గ్రిల్లుకి వేలాడుతోంది.

రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఇల్లు కుదరలేదని చెప్పాను. గ్లాసు సంగతి చెప్పలేదు. అమ్మ కాసేపు ఆగి, "పోన్లేవే, ఇంకోటి చూద్దాం. ఇంతకీ ఆ ఓనర్లేవిట్లే?" అంది.

చెప్పాను. గేటు మీద పేరు చూసినప్పుడే తెలిసిపోయింది నాకు.

ఇట్లు,
ఏవిట్లో చెప్పని అమ్మాయి